మీట దొరకని మావయ్యా, మన బెస్ట్ ప్రాక్టీసులూ

చాలా రోజులైంది ఇటు తొంగిచూసి. పనులూ బద్ధకమూ సమపాళ్ళలో కలిసి రాయనివ్వలేదు. ఇవాళ మాత్రం కడుపు మండి కూర్చున్నాను, కాబట్టి ముందే చెప్పేస్తున్నా, కాస్త ఘాటుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనివాళ్ళు కూడా చదవొచ్చు. మధ్యలో కొంత సాంకేతిక గోల ఉన్నా, విషయం మాత్రం మీ ఇంట్లోవాళ్ళదే.

ముందు మా మావయ్య సంగతి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పయ్యారేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. నీటికాసుల వల్ల చూపు మెల్లమెల్లగా తగ్గి, ఇప్పుడు వెలుతురు తేడా తప్ప ఏమీ తెలియదు. అయినా మనిషి ఊరుకునే రకం కాదు. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వేయించుకుని, కీబోర్డుతోనే అన్నీ చేస్తాడు. మెయిళ్ళు, వార్తలు, కరెంటు బిల్లు, మనవడి ఫీజు, అన్నీ. ఆ గొంతుని ఎంత వేగంగా పెట్టుకుంటాడంటే పక్కన కూర్చున్న నాకు ఒక్క ముక్క అర్థం కాదు.

మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు. ఆరోగ్య బీమా రెన్యూవల్, మర్నాటితో ఆఖరు.

"ఒరేయ్, ఫారం అంతా నింపేశాను. ఇప్పుడేం చెయ్యాలిరా?"

"కింద మీట ఉంటుంది మావయ్యా, నొక్కెయ్."

"ఉంటే నొక్కనట్రా? ట్యాబ్ కొడుతుంటే ఆఖరి గడి తర్వాత నేరుగా కాపీరైట్ అంటోంది."

నేను అదే పేజీ తెరిచి చూశాను. మీట ఉంది. నారింజ రంగులో, గుండ్రంగా, మధ్యలో తెల్ల బాణంతో, పెళ్ళిలో లడ్డూలా నిగనిగలాడుతూ ఉంది. లోపల కోడ్ చూస్తే తెలిసింది సంగతి. అది మీటే కాదు. ఒక ఖాళీ డివ్వు. బాణం బొమ్మ దానికి బ్యాక్‌గ్రౌండ్. నొక్కితే పనిచేసే జావాస్క్రిప్ట్ దానికి తగిలించారు. అంతే. అందులో అక్షరం లేదు, "నేను మీటని" అని చెప్పే గుర్తు లేదు, ట్యాబ్ కొడితే ఆగే ఏర్పాటు లేదు. కళ్ళున్నవాడికి లడ్డూ, మా మావయ్యకి శూన్యం.

నేను ఫోన్లో ఏదో చెప్పేలోపు పదిహేను నిమిషాలైపోయి సెషన్ ముగిసింది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ కాపీరైట్. మర్నాడు పొద్దున్న పక్కింటాయన్ని తోడు తీసుకుని నెట్ సెంటర్‌కి వెళ్ళాడు. అక్కడి కుర్రాడి చేతికి పాన్ కార్డూ, ఫోనూ ఇచ్చేశాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

"పోన్లే మావయ్యా, పనైందిగా" అన్నాను.

"అయిందిలే. ఇన్నేళ్ళూ మీ లెక్క మీరే చేసుకోండ్రా అని పిల్లలకి చెప్పినవాణ్ణి. ఇవాళ నా ఓటీపీ నాకు తెలీకుండానే వేరేవాడు చూసి కొట్టేశాడు" అన్నాడు.

ఆ కంపెనీ పేరు ఎందుకులెండి. అసలు సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది. సోమవారం ఆఫీసుకెళ్ళి, ఉండబట్టలేక, మేం రాస్తున్న ప్రాజెక్టులో వెతికాను, మీటలా నటిస్తున్న డివ్వులు ఎన్నున్నాయో అని. నలభై ఒకటి. అందులో ఆరు నేను రాసినవే.

ఇప్పుడు అసలు పాయింటుకొస్తాను. మా ప్రాజెక్టు ఏదో అడ్డగోలుగా రాసింది కాదు. బెస్ట్ ప్రాక్టీసుల పట్టికలో ఉన్నవన్నీ చేశాం. టైప్‌స్క్రిప్ట్ ఉంది, అదీ స్ట్రిక్ట్ మోడ్‌లో. లింట్ ఉంది. కోడ్ తీరు మార్చకుండా సేవ్ చెయ్యనివ్వని ప్రెటియర్ ఉంది. ఫోల్డర్ల అమరిక మీద రెండు మీటింగులు, ఫైల్ పేర్లు పెద్దక్షరంతో మొదలవ్వాలా చిన్నక్షరంతోనా అన్నదాని మీద మూడు మీటింగులు అయ్యాయి. టెస్ట్ కవరేజ్ తొంభై శాతం పైమాట. ప్రతి మార్పునీ ఇద్దరు చూసి ఓకే చెయ్యాలి. అన్ని దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి. అయినా మా మావయ్య మా సైటుకి వస్తే ఆయనకీ కాపీరైటే వినిపిస్తుంది.

ఇదెలా సాధ్యం? దీనికి సమాధానం చాలా తేలిక, చాలా చేదు. మనం ఫ్రంట్ ఎండ్‌లో బెస్ట్ ప్రాక్టీసులు అని పిలుచుకునేవాటిలో ముప్పాతిక భాగం రాసేవాడి సుఖం కోసం పుట్టినవి. వాడేవాడి కోసం కాదు. ఇంట్లో గిన్నెలు వరసగా సర్దడం మంచి అలవాటే, కాదన్ను. కానీ గిన్నెలు సర్ది ఉన్నాయి కాబట్టి వచ్చిన చుట్టం భోంచేసినట్టే అని ఏ ఇల్లాలూ అనుకోదు. మనం మాత్రం అనుకుంటాం.

టెస్టుల సంగతే చూడండి. మా టెస్టులు ఎలా రాశామంటే, ప్రతి డివ్వుకీ ఒక రహస్య ఐడీ తగిలించి, ఆ ఐడీతో దాన్ని పట్టుకుని, క్లిక్ అనే సంఘటనని కోడ్ నుంచే పంపించి, పనైందా లేదా అని చూస్తాం. డివ్వు అయినా క్లిక్ అందుకుంటుంది, టెస్ట్ పాసవుతుంది. కానీ మా మావయ్య చేతిలో ఆ రహస్య ఐడీ లేదే! ఇదే టెస్టుని టెస్టింగ్ లైబ్రరీలో రోల్ ద్వారా వెతికేలా రాసుంటే, అంటే "సమర్పించు అనే పేరున్న బటన్ ఏదీ?" అని అడిగేలా రాసుంటే, మొదటి రోజే ఫెయిలయ్యేది. పనిముట్టు మన దగ్గరే ఉంది. ప్రశ్నే తప్పుగా అడుగుతున్నాం.

లింట్ కూడా అంతే. రియాక్ట్‌తో రాసేవాళ్ళకి డివ్వుకి క్లిక్ తగిలిస్తే అరిచే నియమాలున్న ప్లగిన్ ఎప్పట్నుంచో ఉంది. మాదాంట్లోనూ ఉంది. కాకపోతే ఎవరో మహానుభావుడు ఫైల్ పైన ఒక్క లైన్ రాసి దాని నోరు నొక్కేశాడు. రివ్యూ చేసిన ఇద్దరూ ఆ లైన్ చూసి, కింద కామా ఎక్కడో తప్పిందని వ్యాఖ్య రాశారు. (ఆ ఇద్దర్లో ఒకణ్ణి నేనే.)

సరే, డివ్వుకి ఎందుకింత రాద్ధాంతం, దాన్నే మీటలా మార్చొచ్చుగా అంటారు. మార్చొచ్చు. ఏం చెయ్యాలో వినండి. ట్యాబ్ కొడితే ఆగేలా ట్యాబ్ ఇండెక్స్ పెట్టాలి. స్క్రీన్ రీడర్ "బటన్" అని చదవడానికి రోల్ పెట్టాలి. ఎంటర్ నొక్కితే పనిచెయ్యాలి, స్పేస్ నొక్కినా పనిచెయ్యాలి. అసలు మీటలో ఎంటర్ నొక్కీ నొక్కగానే పనిచేస్తుంది, స్పేస్ మాత్రం వేలు పైకి తీశాక పనిచేస్తుంది. ఆ తేడా కూడా మీరే రాసుకోవాలి. స్పేస్ నొక్కితే పేజీ కిందికి జారకుండా ఆపాలి. పని జరుగుతున్నప్పుడు మీట మూతపడి ఉందని చెప్పాలి. ఫారంలో ఏ గడిలో ఎంటర్ కొట్టినా ఫారం వెళ్ళిపోయే సదుపాయం కూడా తిరిగి కట్టుకోవాలి. ఇంత చేసి చివరికి మీకు దక్కేది ఏమిటయ్యా అంటే, బ్రౌజర్ ఊరికే ఇచ్చిన బటన్‌కి ఒక నాసిరకం నకలు. బటన్ ఎలిమెంట్ 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4 నుంచీ ఉంది. పెరట్లో బావి పెట్టుకుని ట్యాంకర్ తెప్పించుకోవడమంటే ఇదే.

మీటొక్కటే కాదు. పైన తెరుచుకునే చిన్న కిటికీ కోసం మనవాళ్ళు ఒక లైబ్రరీ దించుతారు. డైలాగ్ ఎలిమెంట్ 2022 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. నొక్కితే విచ్చుకునే ప్రశ్నా జవాబుల కోసం ఇంకోటి. దానికి డీటెయిల్స్ ఎలిమెంట్ ఉంది. తేదీని మనకి నచ్చిన తీరులో చూపించడానికి ఇంకోటి. మొమెంట్ జేఎస్ నడిపేవాళ్ళే 2020లో కొత్త ప్రాజెక్టుల్లో దీన్ని వాడకండి మహాప్రభో అని చెప్పేశారు. తెలుగులో నెలల పేర్లతో సహా తేదీ రాసిపెట్టే సదుపాయం బ్రౌజర్లోనే ఉంది. అయినా ఇప్పటికీ దాన్నే మోస్తున్న ప్రాజెక్టులు నాకు తెలిసే నాలుగున్నాయి.

ఈ మోత గురించి విడిగా చెప్పుకోవాలి. ఊరికే వస్తుందని చుట్టూ ఉన్నవన్నీ దించుకునే జబ్బు మనది. 2016 మార్చిలో లెఫ్ట్ ప్యాడ్ కథ జరిగింది, కుర్రవాళ్ళు కొందరికి తెలియకపోవచ్చు. మాటకి ఎడమ పక్కన ఖాళీలు చేర్చే పదకొండు లైన్ల ముక్క అది. రాసినాయన ఒక పేరు తగాదాలో ఒళ్ళుమండి తన ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎం నుంచి తీసేసుకున్నాడు. అంతే, దాని మీద ఆధారపడ్డ బేబెల్, దాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు ప్రపంచమంతా ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఆ ముక్క చేసే పని 2017 నుంచి జావాస్క్రిప్ట్ భాషలోనే ఉంది. పోనీ బుద్ధొచ్చిందా? 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ప్యాకేజీ నిర్వహణ ఎవరో అడిగితే ఇచ్చేశారు. ఆ ఎవరో అందులోకి బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్ దూర్చాడు. 2025 సెప్టెంబరులో ఒక దొంగ మెయిల్ నమ్మి ఒకాయన తన ఎన్‌పీఎం ఖాతా పోగొట్టుకుంటే, చాక్, డీబగ్ లాంటి, వారానికి కోట్లాది సార్లు దిగే ప్యాకేజీల్లోకి దొంగ కోడ్ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో రియాక్ట్ సర్వర్ కాంపోనెంట్లలో పదికి పది తీవ్రత ఉన్న లోపం బయటపడి, లాగిన్ కూడా అక్కర్లేకుండా సర్వర్ మీద కోడ్ నడిపేయొచ్చని తేలింది. రాత్రికి రాత్రి లేచి ప్యాచ్‌లు వేసుకున్నాం.

రాసినవాళ్ళని తప్పుపట్టడం లేదు. ఎక్కువమంది జీతం లేకుండా చేస్తున్నవాళ్ళే. తప్పు మనది. బియ్యం కొనేముందు గుప్పెట్లో పోసుకుని చూస్తాం, ప్యాకేజీకి మాత్రం ఒక్క కమాండ్ కొట్టి కళ్ళు మూసుకుంటాం.

మోత వల్ల ఇంకో నష్టం, రోజూ జరిగేది. రెండొందల కిలోబైట్ల బొమ్మా, రెండొందల కిలోబైట్ల జావాస్క్రిప్టూ ఒకటే బరువని చాలామంది అనుకుంటారు. దిగడానికి ఒకటే. దిగాక బొమ్మని విప్పి చూపిస్తే సరిపోతుంది. జావాస్క్రిప్ట్‌ని విప్పాలి, చదవాలి, తర్జుమా చెయ్యాలి, నడపాలి. ఈ నడపడం చాలామటుకు బ్రౌజర్లో ఒకే ఒక్క దారి మీద జరుగుతుంది, మీరు వేలితో నొక్కితే స్పందించాల్సింది కూడా ఆ దారే. అది బిజీగా ఉంటే మీ వేలు గాలిలో నొక్కినట్టే. మన చేతిలో లక్షన్నర లాప్‌టాప్, ఆఫీసు ఫైబర్. మనకి మెరుపులా వస్తుంది. మా ఊళ్ళో పాల కేంద్రం నడిపే ఆవిడ చేతిలో ఏడువేల రూపాయల ఫోన్. ఆవిడ నొక్కుతుంది, ఏమీ కాదు, మళ్ళీ నొక్కుతుంది, రెండుసార్లు డబ్బు కడుతుంది. గూగుల్ వాళ్ళు పెట్టిన కోర్ వెబ్ వైటల్స్ లెక్క ప్రకారం నొక్కిన తర్వాత 200 మిల్లీసెకన్లలోపు తెరమీద కదలిక కనబడాలి, ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో రావాలి. ఈ లెక్కలు చూసేది కూడా మనం లాప్‌టాప్‌లోనే. ఇంక ఏం తెలుస్తుంది, బొంద!

ఇహ తెలుగు. ఈ విషయంలో మనవాళ్ళని చూస్తే జాలెయ్యదు, కోపం వస్తుంది. ఎందుకంటే రాసేది సగం మంది తెలుగువాళ్ళే.

ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసుకునే జాతి మనది. ఫారంలో "లాస్ట్ నేమ్ తప్పనిసరి, కనీసం రెండక్షరాలు" అని పెడతాం. ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరంగా మాత్రమే కార్డుల్లో ఉన్నవాళ్ళు మనలో ఎంతమంది! వాళ్ళు కార్డులో ఉన్నట్టు రాస్తే ఫారం ఒప్పుకోదు. ఫారం ఒప్పుకునేట్టు రాస్తే కార్డుతో సరిపోలేదని తర్వాత వెనక్కి పంపుతారు.

పేరు తెలుగులో రాయనిద్దాం అనుకున్న ఒక మంచి కుర్రాడు మా టీములో ఉన్నాడు. ఏ నుంచి జెడ్ వరకు అని ఉన్న తనిఖీ తీసేసి, యూనికోడ్ ప్రకారం "అక్షరం" అయితే చాలు అని రాశాడు. ఉద్దేశం బంగారం. కానీ యూనికోడ్ దృష్టిలో క అక్షరం, దాని మీది గుడి దీర్ఘం అక్షరం కాదు, "గుర్తు" అనే వేరే వర్గం. దాంతో "రమ" అన్నా తీసుకుంటుంది, "సీత" అంటే తీసుకోదు. గుర్తుల వర్గాన్ని కూడా కలపాలి. ఒక్క ముక్కే. కానీ ఒక్క తెలుగు పేరు కొట్టి చూసుంటే అప్పుడే తెలిసేది. టెస్టుల్లో అన్నీ జాన్, జేన్ లే!

పెద్ద వాక్యాన్ని కత్తిరించి మూడు చుక్కలు పెట్టే పని కూడా అంతే. "స్త్రీ" అన్నది మనకి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌ని పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడి దీర్ఘం. ఇరవై దగ్గర కోసెయ్ అంటే మధ్యలో కోసేసి "స్" అని పొల్లుతో వదిలేస్తుంది. అర్థమే మారిపోతుంది ఒక్కోసారి. అక్షరాలని సరిగ్గా విడదీసే ఇంటెల్ సెగ్మెంటర్ ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆలస్యంగా, 2024లో వచ్చింది. ఉందని తెలిసినవాళ్ళు మా ఫ్లోర్‌లో ఇద్దరు.

ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి వరస ఎత్తు పెట్టేసి, బయటికొచ్చింది దాచెయ్ అని రాస్తారు. ఒత్తులు కింద సగానికి తెగిపోతాయి. "భక్తి"లో తావత్తు పోతే ఇక మిగిలేదేంటి? ఇంక అన్నిటికన్నా తేలికైంది, అందరూ మరిచేది: పేజీ ఏ భాషలో ఉందో చెప్పే ఒక్క గుణం. మనం వాడే టెంప్లేట్లలో అక్కడ ఇంగ్లీషు అని రాసి వస్తుంది. అలాగే వదిలేసి లోపల తెలుగు పోస్తాం. అప్పుడు మావయ్య స్క్రీన్ రీడర్ తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది. ఎలా ఉంటుందో వినాలంటే ఒకసారి వినండి, జన్మలో మరిచిపోరు. వెబ్ అందరికీ అందాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఇది మొట్టమొదటి మెట్టు. రెండక్షరాలు మార్చాలి. అంతే.

ఇప్పుడు నాకు రోజూ వినబడే సాకులు.

"మన యూజర్లలో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటార్లే." 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2 కోట్ల 68 లక్షలు, అందులో చూపు సమస్య ఉన్నవాళ్ళు 50 లక్షల పైచిలుకు. పోనీ లెక్కలొద్దు. చేతికి కట్టు కట్టుకున్నవాడు, మౌస్ చెడిపోయినవాడు, ఎండలో పొలం గట్టున నిలబడి లేత బూడిద రంగు అక్షరాలు చదవలేనివాడు, అక్షరాలు పెద్దవి చేసుకుని చూసే మీ అమ్మగారు, వీళ్ళందరూ ఎవరు? అయినా నాకు తెలీక అడుగుతాను, మీట దొరకనివాడు మీ సైటుకి రాడు, రానివాడు మీ లెక్కల్లో పడడు. తలుపు మూసేసి, లోపలికి ఎవరూ రావడం లేదు కాబట్టి తలుపు అక్కర్లేదు అన్నట్టుంది.

"క్లయింట్ అడగలేదు." క్లయింట్ ఫోల్డర్ల అమరిక కూడా అడగలేదు. కవరేజ్ అడగలేదు. అవి మన వృత్తి గౌరవం అని మనమే చేశాం. ఇది మాత్రం క్లయింట్ చెబితేనా? పైగా ఇది దయాధర్మం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు కెమెరా ముందు కళ్ళార్పలేక కేవైసీ పూర్తి చెయ్యలేకపోయిన బాధలోంచి వచ్చిన కేసది. "కళ్ళు ఆర్పండి" అనే ఆ తెర కూడా మనలాంటివాడెవడో రాసిందే. దానికీ కవరేజ్ ఉండే ఉంటుంది.

"టైమ్ లేదు." డివ్వు కన్నా బటన్ రాయడానికి మూడక్షరాలు ఎక్కువ. దాని మీద మీరు ఆదా చేసే కోడ్ ముప్పై లైన్లు. టైమ్ లేనివాడే ముందు బటన్ వాడాలి.

"ఫ్రేమ్‌వర్క్ వల్ల వచ్చిన తిప్పలండీ ఇవన్నీ." ఇది మాత్రం నేను ఒప్పుకోను. రియాక్ట్ రాసే నేనూ అన్నం తింటున్నాను. మీరు బటన్ అని రాస్తే రియాక్ట్ బటనే ఇస్తుంది, డివ్వు రాస్తే డివ్వు ఇస్తుంది. డిజైన్ బొమ్మలో పెట్టె కనబడితే పెట్టె కట్టేసే అలవాటు మనది. బొమ్మలో అది ఏం చేస్తుందో ఉండదు, అడగాల్సింది మనమే. ఇప్పుడైతే ఏఐ చేత రాయించుకుంటున్నాం. అది చదువుకున్నది కూడా మన కోడే కదా, అడక్కపోతే చక్కగా డివ్వు రాసిస్తుంది, అదీ మెరుపు వేగంతో. ముందు నెలకి నలభై తప్పులు చేసేవాళ్ళం, ఇప్పుడు పూటకి చెయ్యగలం.

ఇది మనొక్కళ్ళ జబ్బు కూడా కాదు. వెబ్ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలని మరతో తనిఖీ చేస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. అందులో ఎక్కువగా దొరికేది, అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా చాలకపోవడం. మర పట్టుకోగలిగినవే ఇవి. పట్టుకోలేనివి ఎన్నో.

టైప్‌స్క్రిప్టూ, లింటూ, రివ్యూలూ వద్దని నేనడం లేదు. అవి లేని ప్రాజెక్టులో రెండేళ్ళు పనిచేశాను, పగవాడికి కూడా వద్దు. నేనంటున్నది వరస మార్చమని. ముందు వాడేవాడు, తర్వాత రాసేవాడు. మా టీములో ఇప్పుడు గోడకి అంటించిన పట్టిక ఇది, కావాలంటే తీసుకోండి:

1. మౌస్ పక్కన పెట్టి, కీబోర్డు ఒక్కదానితో పని మొత్తం పూర్తి చెయ్యాలి. చెయ్యలేకపోతే పని అవ్వనట్టే.

2. బ్రౌజర్ ఇచ్చింది ఉందా అని ముందు చూడాలి. లేదని తేలాకే లైబ్రరీ. ఆ లైబ్రరీ ఎవరు నడుపుతున్నారు, ఎంత బరువు, ఎన్నింటిని వెంటేసుకొస్తుంది అని రివ్యూలో రాయాలి.

3. టెస్టుల్లో రహస్య ఐడీలు ఆఖరి అస్త్రం. ముందు రోల్, పేరు.

4. పరీక్ష డేటాలో జాన్ బదులు సీత, స్త్రీశక్తి, ఒక్కక్షరం ఇంటిపేరు, చాంతాడంత ఊరిపేరు.

5. వారానికొకసారి ఆఫీసులో ఉన్న చవక ఫోన్లో, వైఫై ఆపి, సొంత సైట్ వాడాలి. మేనేజరు కూడా.

6. లింట్ నోరు నొక్కితే ఎందుకో పక్కనే రాయాలి. కారణం "టైమ్ లేదు" అయితే చెల్లదు.

ఆ నలభై ఒక్క డివ్వుల్నీ మార్చడానికి నాకు రెండున్నర రోజులు పట్టింది. అందులో రెండు రోజులు బటన్‌కి బ్రౌజర్ ఇచ్చే బూడిద రంగుని వదిలించడానికే సరిపోయింది, అది వేరే కథ. స్టాండప్‌లో మేనేజరు అడిగాడు, "ఇందులో కొత్త ఫీచర్ ఏంటి?" అని. "ఫారం సమర్పించడం" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

తర్వాత మావయ్యకి ఫోన్ చేసి, మా టెస్ట్ సైట్ లింకిచ్చి, "ఒకసారి చూసిపెట్టు మావయ్యా" అన్నాను. అరగంట తర్వాత ఆయనే చేశాడు. మీటలన్నీ దొరికాయట. రెండు గడులకి పేరు లేదట, ఒక తప్పు సందేశం తెరమీద వచ్చి పోయింది కాబోలు, తనకి వినబడలేదట. లెక్కల మాస్టారు కదా, మార్కులేశాడు. పదికి ఆరు.

"మళ్ళీ దిద్దుకుని పంపించు, చూస్తాను" అన్నాడు.

దిద్దుతున్నాను.